ఏప్రిల్‌లో బడి మారిన అమ్మాయి

నేను మెంటర్‌గా చేరింది సేవాభావం పొంగిపొర్లి కాదు. మా ఆఫీసులో ఏడాదికి కొన్ని పనిగంటలు బయటి సేవకి వాడుకోనిస్తారు. వాడుకున్నవాళ్ళ పేర్లు మేనేజర్ల దాకా వెళ్తాయి. నాది మందుల కంపెనీలో క్వాలిటీ కాగితాలు సరిచూసే ఉద్యోగం. మా అబ్బాయి అప్పటికే వేరే రాష్ట్రంలో కాలేజీకి వెళ్ళిపోయాడు, ఇల్లు బోసిగా ఉండేది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్‌లో మేముండే చోటికి దగ్గర్లో ఒక హైస్కూల్ ఉంది. ఆఖరి ఏడాది గట్టెక్కుతారో లేదో తెలియని పిల్లలకి తలా ఒక పెద్దవారిని జతచేసే కార్యక్రమం అక్కడ నడుస్తోందని విని పేరిచ్చాను.

ఒక శనివారం పొద్దున మాకు శిక్షణ ఇచ్చారు. ఆ కార్యక్రమం నడిపేది ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండే ఒక అమెరికన్ యువతి. "మీరు టీచర్లు కాదు, తల్లిదండ్రులు కాదు. సమస్యలు పరిష్కరించాలని చూడకండి. వినండి. తన పక్కన ఒకరున్నారన్న నమ్మకమే పిల్లల్ని బడిలో నిలబెడుతుంది" అని చెప్పింది. అప్పుడు ఆ మాట చాలా గొప్పగా తోచింది, తల కూడా ఊపాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సెప్టెంబర్‌లో ఆమె నాకు ఫోన్ చేసి, "మీకొక మంచి జోడీ దొరికింది. మీ ఇద్దరిదీ ఒకే భాష!" అని సంబరంగా చెప్పింది. నాకు మాత్రం ఆశ్చర్యం వేసింది. మనవాళ్ళ పిల్లలు ఇలాంటి కార్యక్రమాలకి సేవ చేయడానికి వెళ్తారు, కాలేజీ అప్లికేషన్లలో రాసుకోవడానికి. సాయం అందుకునే వైపు మనవాళ్ళు ఉంటారని అంతవరకూ ఊహించలేదు.

గురువారం స్కూల్ అయిపోయాక లైబ్రరీ వెనక బల్ల దగ్గర కలిశాం. పన్నెండో క్లాసు అమ్మాయి. సన్నగా ఉంది, చెవుల్లో చిన్న పోగులు, ఒళ్ళో బరువైన బ్యాగు. నన్ను చూడగానే మొహం పాలిపోయింది.

"మీరు తెలుగా? ఓ గాడ్. మా మమ్మీకి చెప్తారా?"

"మీ మమ్మీ ఎవరో నాకు తెలీదమ్మా."

"తెలుగువాళ్ళకి అందరూ తెలుస్తారు ఆంటీ," అంది నమ్మకం లేకుండా.

ఆ మొదటి రోజు మేం పెద్దగా మాట్లాడుకోలేదు. తను లెక్కలు చేసుకుంది, నేను పక్కన కూర్చున్నాను. చేస్తున్నవి కాలేజీలో చెప్పే లెక్కలు. తప్పు లేకుండా, గబగబా చేసేస్తోంది. ఇంత తెలివైన పిల్ల ఇక్కడికెందుకు వచ్చిందని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

సంగతి తర్వాతి వారాల్లో కొంచెం కొంచెంగా బయటపడింది. వాళ్ళ నాన్న కాంట్రాక్టు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ప్రాజెక్టు ఎక్కడుంటే కాపురం అక్కడికి మారాలి. ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి జెర్సీ సిటీలో మొదలుపెట్టి, మధ్యలో టెక్సస్ వెళ్ళింది. పదకొండు సగంలో ఇక్కడికి వచ్చింది. ఈ దేశంలో హైస్కూల్లో పూర్తిచేసిన ఒక్కో కోర్సుకి క్రెడిట్ అని ఇస్తారు. ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లు కావాలో రాష్ట్రానికో లెక్క. నడిమధ్యలో వదిలేసిన కోర్సుకి ఏమీ రాదు. ఒక చోట చదివింది ఇంకో చోట చెల్లదు. మార్కులు ఎంత బాగా వచ్చినా సరే, లెక్క ప్రకారం క్రెడిట్లు లేకపోతే పట్టా ఇవ్వరు. అలా తను వ్యాయామంలో, ఆరోగ్య పాఠంలో, సగం ఇంగ్లిష్‌లో, చివరికి రాష్ట్ర చరిత్రలో కూడా వెనకబడి ఉంది.

"ప్రతి స్టేట్‌కీ ఒక బర్డ్ ఉంటుంది ఆంటీ. ఎక్కడికి వెళ్తే అక్కడిది నేర్చుకోవాలి. ఫన్నీ ఏంటంటే, న్యూజెర్సీదీ వాషింగ్టన్‌దీ ఒకటే బర్డ్. గోల్డ్‌ఫించ్. బట్ అక్కడ చదివింది ఇక్కడ కౌంట్ అవ్వదు."

చెప్పి గట్టిగా నవ్వింది. లైబ్రేరియన్ మావైపు చూసింది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

వినమని చెప్పారు కదా, కొన్నాళ్ళు విన్నాను. తర్వాత నావల్ల కాలేదు. తనని వెంటబెట్టుకుని, పిల్లలు ఏ కోర్సులు తీసుకోవాలో చూసే బడి కౌన్సిలర్ గదికి వెళ్ళాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. లెక్కలేనంతమంది పిల్లల బాధ్యత ఆవిడ నెత్తిన ఉంది. క్రెడిట్లు తక్కువున్నవాళ్ళ జాబితాలో పేరుందని ఈ అమ్మాయిని మా కార్యక్రమంలో వేశారు, మార్కులు బాగున్నాయి కాబట్టి ఎవరూ ఫైలు తెరిచి చూడలేదు, అంతే. ముగ్గురం కూర్చుని ఒక దారి వేశాం. వ్యాయామం మామూలు పీరియడ్లలో, ఆరోగ్య పాఠం ఆన్‌లైన్‌లో, సగం ఇంగ్లిష్ పొద్దున్నే బడి తెరవకముందు జరిగే క్లాసులో, రాష్ట్ర చరిత్ర ఇంట్లో చేసుకొచ్చే పాఠాలుగా. జూన్‌కల్లా అన్నీ సరిపోతాయని కౌన్సిలర్ చెప్పింది.

ఆ చలికాలమంతా ఆ పిల్ల చీకటితో లేచి, వానలో నడిచి బడికి వెళ్ళింది. ఇంట్లో మాత్రం సైన్స్ క్లబ్ అని చెప్పింది. కార్యక్రమంలో చేరడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి కదా, ఎలా వచ్చిందని అడిగితే, "డాడీకి ఈమెయిల్ వచ్చింది. స్కాలర్‌షిప్ థింగ్ అన్నా. ఓకే నొక్కేశాడు," అంది. నేను గురువారాలు పులిహోరో, దద్దోజనమో డబ్బాలో పెట్టుకుని వెళ్ళేదాన్ని. అల్లం తగిలితే ఏరి పక్కన పెట్టేది. ఒకసారి నా కాగితాల్లో తప్పు పట్టుకుంది. నేను ఆఫీసు పని వెంట తెచ్చుకుని చూసుకుంటుంటే తొంగిచూసి, "ఆంటీ, ఈ రెండు లైన్లు మ్యాచ్ కావట్లేదు," అంది. నిజంగానే కావడం లేదు. మా అబ్బాయితో కూడా నేనంత తీరిగ్గా కూర్చున్నది లేదు.

మార్చి ఆఖర్లో ఒక గురువారం తను డబ్బా మూత తీయలేదు.

"డాడీ ప్రాజెక్ట్ అయిపోయింది ఆంటీ. నెక్స్ట్ షార్లెట్ అంట."

"ఎప్పుడు?"

"ఏప్రిల్ మిడిల్. జాయిన్ అవ్వకపోతే వీసా ప్రాబ్లమ్."

ఏడవలేదు. ఏ అట్టపెట్టెలో ఏం సర్దాలో తనకి ముందే తెలుసునని, పుస్తకాలు చిన్న పెట్టెల్లో పెట్టాలని, లేకపోతే అడుగు ఊడిపోతుందని చెప్పింది. షార్లెట్ అంటే దేశానికి ఈ చివరి నుంచి ఆ చివరికి, ఇంకో రాష్ట్రానికి. అప్పటికి పట్టాకి రెండు నెలలే మిగులుతాయి.

నేను కౌన్సిలర్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ తల పట్టుకుంది. "వాళ్ళ నాన్న సైన్యంలో పనిచేసుంటే రూల్ ఉంది. ఆఖరి ఏడాది బదిలీ అయితే పాత బడే పట్టా ఇవ్వొచ్చు. మామూలు ఉద్యోగులకి అలాంటిది లేదు," అంది. ఇంకో దారి కూడా చెప్పింది. తల్లిదండ్రుల అంగీకారంతో ఈ ఊళ్ళోనే ఎవరైనా పెద్దవాళ్ళ ఇంట్లో ఉంటే, జూన్ దాకా ఇదే బడిలో కొనసాగనిస్తారు.

మా అబ్బాయి గది ఖాళీగానే ఉంది. మావారితో చెబితే కాసేపు ఆలోచించి, "ఆడపిల్ల, బాధ్యత కదా. అయినా రెండు నెలలే కదా, ఉండనీ. కానీ వాళ్ళ నాన్న ఒప్పుకోడు చూడు," అన్నారు.

కార్యక్రమం నడిపే యువతికి చెప్పాను. ఆమె మొహంలో మొదటిసారి నవ్వు తగ్గింది. "కుటుంబ నిర్ణయాల్లో మనం తలదూర్చకూడదు. మీరు వాళ్ళింటికి వెళ్తే అది మా తరఫున కాదు," అంది.

"ఆంటీ, మీరు వచ్చి చెప్పండి. మీరు పెద్దవాళ్ళు కదా, మీరు చెప్తే వింటాడేమో," అంది ఆ పిల్ల. ఇంట్లో తెలిసిపోతుందే అని నేను అంటే, "తెలిస్తే తెలియనీ. ఐ జస్ట్ వాంట్ టు ఫినిష్," అంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. అపార్ట్‌మెంట్ నిండా పెట్టెలు, హాల్లో రెండే కుర్చీలు మిగిలాయి. వాళ్ళ నాన్న మర్యాదగా కూర్చోబెట్టారు. నల్గొండ వైపు మనిషి. నాకంటే చిన్నవాడే, కానీ మొహం బాగా అలిసిపోయి ఉంది. వాళ్ళమ్మ టీ తెచ్చింది. ఆ అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడింది.

సంగతంతా నెమ్మదిగా చెప్పాను. ఆయనకి మొదట అర్థం కాలేదు.

"లేదండి, మీరేదో కన్ఫ్యూజ్ అయినట్టున్నరు. మా బిడ్డ మాథ్స్‌ల టాపర్. వెనకబడ్డ పిల్లల ప్రోగ్రామ్‌ల ఎందుకుంటది?"

"తను వెనకబడలేదండీ. క్రెడిట్లు వెనకబడ్డాయి. మీరు ఊళ్ళు మారడంవల్ల."

ఆ ఆఖరి మాట సూటిగా తగిలింది. ఆయన కప్పు కింద పెట్టి కూతురివైపు తిరిగారు.

"సైన్స్ క్లబ్ అంటివి కదరా?"

తను నేలచూపులు చూసింది.

"నేను కావాలని తిరుగుతున్ననా అండి?" ఆయన గొంతు పెద్దదైంది. "ప్రాజెక్ట్ అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలె. దొరకకపోతే దేశం విడిచి పోవాలె. ఎక్కడ దొరికితే అక్కడికి పోతున్న. నాకేమన్న ఆప్షన్ ఉందా?"

"లేదండీ. అందుకే అంటున్నా, పాపని రెండు నెలలు మా ఇంట్లో ఉంచండి. పట్టా అయ్యాక నేనే ఫ్లైట్ ఎక్కిస్తాను."

"మా బిడ్డను ఇంకొకరింట్లో పెట్టే గతి మాకు పట్టలేదు."

"డాడీ, ప్లీజ్," అంది తను. ఒక్కసారే అంది.

"షార్లెట్‌ల స్కూళ్ళు లేవా? అక్కడ ఫినిష్ చేస్తది. ఇన్నిసార్లు మారింది, ఏమైంది?"

ఏమైందో ఇప్పటిదాకా చెప్పిందంతా అదే. ఇంకోసారి చెప్పే ఓపిక నాకూ లేకపోయింది, వినే ఓపిక ఆయనకీ లేకపోయింది. లేచాను. చెప్పులు వేసుకుంటుంటే వాళ్ళమ్మ బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, నేను గూడ ఉంటనని అడిగిన. పిల్లతోని ఇక్కడ్నే రెండు నెలలు ఉంటనని. ఫ్యామిలీ అంటే ఒక్క కాడనే ఉండాలె అంటడు. నాకు ఉద్యోగం లేదు, కారు నడపరాదు. నేనేం జేద్దు?"

ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నేను మాత్రం ఏం చేయగలను? కారెక్కి ఇంటికొచ్చాను. 

ఆఖరి గురువారం తను స్కూల్ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేసి లైబ్రరీకి వచ్చింది. పొద్దుటి ఇంగ్లిష్ క్లాసు టీచరు, ఇంకొక్క వ్యాసం రాస్తే అయిపోయేదని అందట. "ఇట్స్ ఓకే ఆంటీ," అని నన్నే ఓదార్చింది. దానికన్నా తిట్టినా బాగుండేది.

షార్లెట్‌లో జరిగింది నాకు మెసేజీల్లోనే తెలుసు. అక్కడి స్కూల్లో కోర్సులు జనవరిలో మొదలై జూన్‌కి ముగుస్తాయట. ఏప్రిల్‌లో వచ్చిన పిల్లని మధ్యలో చేర్చుకుంటే ఉపయోగం లేదని, ఆగస్టులో రమ్మన్నారు. పన్నెండో తరగతి మళ్ళీ. దానికి తోడు ఆ రాష్ట్రంవాళ్ళ ఎకనామిక్స్ ఒకటి కొత్తగా చదవాలి. "డాడీ స్కూల్ వాళ్ళతో ఫైట్ చేశాడు. నో యూజ్," అని రాసింది. ఆ తర్వాత నేను రాసినవాటికి పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒక్కటి వచ్చేది. కొన్నాళ్ళకి అదీ రాలేదు.

జూన్‌లో మా కార్యక్రమం ముగింపు వేడుక. లైబ్రరీలోనే. బెలూన్లు, కేకు, డబ్బులిచ్చే సంస్థ నుంచి కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి. నవ్వుమొహం యువతి మైకు పట్టుకుని, ఈ ఏడాది మన దగ్గరున్న ఆఖరి ఏడాది పిల్లలు ప్రతి ఒక్కరూ పట్టా అందుకుంటున్నారని ప్రకటించింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న మెంటర్ కళ్ళు తుడుచుకున్నాడు. అతని కుర్రాడు నిజంగానే గట్టెక్కాడు. అతని మీద నాకు కోపం లేదు.

చప్పట్లు అయ్యాక ఆమెని పక్కకి పిలిచి, మా అమ్మాయి సంగతేమిటని అడిగాను.

"ఓ, ఆమె ట్రాన్స్‌ఫర్ కదా. ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ళు మన లెక్కలోకి రారు."

"అక్కడ చేర్చుకోలేదు. తను ఇప్పుడు ఏ బడిలోనూ లేదు."

"చాలా బాధాకరం," అంది. నిజంగానే బాధపడింది. అబద్ధం ఆడే మనిషి కాదు. "కానీ మీరు ఆమెకి ఎంత చేశారో మాకు తెలుసు. మీవల్ల ఆమె ఒంటరిగా లేదు." తర్వాత నా చేతికి కేకు ముక్క ఉన్న పళ్ళెం ఇచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కారు దాకా మోసుకెళ్ళాను.

ఆగస్టులో కార్యక్రమంవాళ్ళ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. చలికాలంలో మేమిద్దరం బల్ల దగ్గర నవ్వుతున్న ఫోటో ఒకటి ఉంది, కొత్త మెంటర్లని పిలవడానికి వాడుకోవచ్చా అని. వద్దని రాశాను. అయినా కొన్ని వారాల తర్వాత మా ఆఫీసు కాఫీ గదిలో గోడకి వాళ్ళ పోస్టర్ కనబడింది. అమ్మాయి ఇప్పుడు కార్యక్రమంలో లేదు కాబట్టి ఫోటోలోంచి ఆమెని చెరిపేశారు. నా విషయంలో మొదట్లో ఇచ్చిన అనుమతే సరిపోతుందట. పక్కన ఎవరూ లేని కుర్చీవైపు తిరిగి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను నేను. కింద, "ఒక విద్యార్థి జీవితాన్ని మార్చండి" అని ఉంది. పోస్టర్ పీకి చెత్తబుట్టలో పడేశాను. మర్నాటికి ఇంకొకటి అంటించారు. మా మేనేజరు నన్ను చూసి, "స్టార్ అయిపోయారే!" అంది.

అది చాలదన్నట్టు దసరాకి ఒక స్నేహితురాలింటికి బొమ్మల కొలువు చూడటానికి వెళ్తే, అక్కడ ఎవరో ఆ కుటుంబం మాటెత్తారు.

"షార్లెట్ వెళ్ళిపోయారు చూడండీ, వాళ్ళమ్మాయి హైస్కూలు కూడా పూర్తి చెయ్యలేదట."

"అవునా? మనవాళ్ళ పిల్లా?"

"ఏదో లవ్ ఎఫైర్ అని విన్నాను. అందుకే హడావుడిగా ఊరు మార్చేశారట."

నేను అడ్డుపడి, క్రెడిట్ల గొడవంతా మొదట్నుంచీ చెప్పాను. అందరూ శనగలు తింటూ శ్రద్ధగానే విన్నారు. "అంతేనా? ఆ మాత్రందానికే డిప్లొమా రాదా?" అంది ఒకావిడ, నమ్మలేనట్టు మూతి తిప్పి. ఆ చూపులో, ఈవిడ ఏదో దాస్తోంది అని ఉంది. నేను తాంబూలం తీసుకుని వచ్చేశాను. ఆ ఏడాదే మెంటర్ పని మానేశాను.

రెండేళ్ళు దాటాక, పోయిన చలికాలంలో, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఆంటీ, గుర్తున్నానా?"

గొంతు మారింది, కొంచెం బరువెక్కింది. ఆగస్టులో తిరిగి బడికి వెళ్ళలేదని, తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోలేకపోయిందని చెప్పింది. హైస్కూల్‌కి సమానమైన పరీక్ష ఒకటి రాసి, ఇంటి దగ్గరి రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో చేరిందట. ఇప్పుడు యూనివర్సిటీకి మారాలని చూస్తోంది. హైస్కూల్ రోజుల నుంచి తెలిసినవాళ్ళ సిఫార్సు ఉత్తరం ఒకటి కావాలట.

"టీచర్స్‌కి నేను గుర్తుండను ఆంటీ. అందరి దగ్గరా హాఫ్ ఇయరే ఉన్నా."

"తప్పకుండా రాస్తాను. ఏం జరిగిందో అంతా రాస్తాను."

"వద్దు, అది రాయొద్దు," అంది వెంటనే. "పిటీ అనిపిస్తుంది. హార్డ్‌వర్కింగ్ అని రాయండి. మాథ్స్ బాగా చేస్తుందని రాయండి. దట్స్ ఇనఫ్."

అమ్మానాన్నలు ఎలా ఉన్నారని అడిగాను.

"డాడీకి మళ్ళీ మూవ్ ఉంది. ఈసారి నేను వెళ్ళట్లేదు. మమ్మీ కూడా నాతోనే ఉంటా అంటోంది. డాడీ ఇప్పుడు ఏం అనట్లేదు. చాలా క్వైట్ అయిపోయాడు."

ఆయన మీద నేను రెండేళ్ళుగా మోస్తున్న కోపాన్ని ఆ మాట తర్వాత ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. పోలేదు, అలాగని మునుపటిలానూ లేదు.

"మీరు ఇంకా ఆ ప్రోగ్రామ్‌కి వెళ్తున్నారా?" అని అడిగింది.

"లేదమ్మా, మానేశాను. దానివల్ల ఏం ఉపయోగం?"

 

"ఎందుకు మానేశారు?" అంది. గొంతులో నిష్ఠూరం ఉంది. "నాకు ఆ థర్స్‌డేస్ ఇష్టం ఉండేది. వీక్‌లో అదొక్కటే ఉండేది నాకు."

నేను ఏదో అన్నాను, పని ఎక్కువైందనో, ఒంట్లో బాగాలేదనో. తను ఊఁ అంది. నమ్మలేదు.

సిఫార్సు తను చెప్పినట్టే రాశాను. కష్టపడుతుందని, లెక్కలు బాగా చేస్తుందని. మిగతాదంతా కలం దాకా వచ్చింది. కానీ వద్దంది కదా. పంపిన మర్నాడు "థాంక్స్ ఆంటీ" అని ఒక మెసేజీ వచ్చింది. సీటు వచ్చిందో లేదో తర్వాత తను చెప్పలేదు. అడుగుదామని ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. అడిగే హక్కు నాకేముందనిపించి పక్కన పెట్టేస్తాను.